దవడల తంబాకు, గుండె స్కాన్

కరోనా తగ్గిన మరుసటేడు ఎండకాలంల నన్ను ఎక్స్‌రే గదిలకెళ్ళి మార్చి, జహీరాబాద్‌ల అదే దవాఖానల కొత్తగ పెట్టిన సీటీ స్కాన్ గదికి అటెండరుగ వేసిన్రు. రోగిని పండబెట్టుడు, ఛాతికి ఈసీజీ వైర్లు అంటించుడు, ఫారం చదివి జవాబులు రాసుడు నా పని.

గుండె నరాలకు సీటీ తీయాల్నంటే గుండె నెమ్మదిగ కొట్టుకోవాలె. నిమిషానికి అరవై ఐదు దాటితే, ఉరికే మనిషిని తీసినట్టు ఫోటో చెదిరిపోతది. అందుకే పొద్దటిసంది చాయ్ బంద్, బీడీ బంద్. వచ్చినంక గుండెను నెమ్మది చేసే గోలి ఇస్తరు.

న్యాల్‌కల్ దిక్కు రైతు సంగప్ప భార్యతోని వచ్చిండు. నాలుగడుగులు గట్టిగ వేస్తే ఛాతి పట్టేస్తదట. ఇక్కడ ఫోటో రాకుంటే హైదరాబాద్ పోయి చేతినరంల తీగె దూర్చి గుండె నరాలు చూపించుకోవాలని డాక్టరు సాబ్ ముందే చెప్పిన్రు.

"తీగె అంటే ఈయన బస్సే ఎక్కడక్కా. ఏదన్న ఉంటే ఈన్నే తేల్చున్రి" అన్నది భార్య.

ఫారం చదివిన. బీడీ, సిగరెట్ తాగినవా అంటే తల అడ్డంగ ఊపిండు. చాయ్ అంటే మళ్ళ అడ్డంగనే. రెండింటికీ 'లేదు' అని రాసిన. గుండె ఎనభై ఆరు. గోలి ఇచ్చినంక గంటకు చూస్తే ఎనభై రెండు. ఇంకో గోలి ఇస్తే బీపీ పడిపోతదన్నరు డాక్టరు సాబ్. టెక్నీషియన్ రిజ్వాన్ హైదరాబాద్‌కు చీటీ రాయించనీకె లేచిండు.

"పొద్దటిసంది నోరే తెరుస్తలేడక్కా, భయమైనట్టుంది" అన్నది భార్య.

నోరు తెరువుమన్న. దవడకు సున్నం కలిపిన తంబాకు ముద్ద.

"ఇదేందయ్యా? అడిగితే లేదంటివి?"

"నువ్వు బీడీ అడిగినవు, చాయ్ అడిగినవు. ఇది తాగేది గాదు, తినేది గాదు. ఊకె పెట్టుకునేది."

"ఇరవై ఏండ్లసంది అది ఆయనకు పన్ను లెక్కనే" అన్నది భార్య. రిజ్వాన్ నవ్వుకుంట మళ్ళ కూసున్నడు.

తంబాకు సుత గుండెను ఉరికిస్తదని డాక్టరు సాబ్ చెప్పిన్రు. నోరు పుక్కిలింపిచ్చి, ఓ పక్కకు పండబెట్టినం. మూడు గంటలైనంక అరవై మూడుకు దిగింది. గుండె నరాలు విచ్చుకునే మందు నాలుక కింద కొట్టి, చేతినరంల రంగుమందు ఎక్కించిన్రు. ఒళ్ళంత వేడెక్కుతది, ఉచ్చ పడ్డట్టనిపిస్తది, బెదరకుమని ముందే చెప్పిన. చెప్పినంతసేపు ఊపిరి బిగబట్టిండు. ఫోటో సాఫ్‌గ వచ్చింది. ఒక నరం కొంత పూడింది గని తీగె అక్కర లేదు, గోలీలు చాలు, తంబాకు మాత్రం ఇడువాలన్నరు. గోలీలకు సరే అన్నడు సంగప్ప. తంబాకు మాటకు దవడ తడుముకున్నడు.

నేను అక్షరాలు నేర్చింది నలభై దాటినంక. రానప్పుడు మనిషి మొఖం చూసి అడిగేదాన్ని. వచ్చినంక కాయితంల ఉన్నదే అడుగుడు అలవాటు చేసుకున్న. ఆ ఫారంల తంబాకు లేకుండె, నేను అడగలేదు. తప్పు సంగప్పది గాదు, నాది. తర్వాత రిటైరయ్యేదాంక, ముందు నోరు చూసినంకనే ఫారం పట్టిన.