ఏడో పుస్తకం

2018 మార్చి. టెక్సాస్‌లోని ఇర్వింగ్ దగ్గర ఒక పబ్లిక్ లైబ్రరీలో నేను రిఫరెన్స్ లైబ్రేరియన్‌ని. ఏ విషయానికి ఏ పుస్తకం చదవాలో చెప్పడం నా పని. అందులో మొదటి మెట్టు రిఫరెన్స్ ఇంటర్వ్యూ: పాఠకుడి అసలు అవసరం ఏమిటో, ఎప్పటికి కావాలో మాటల్లో రాబట్టడం. కొత్తవాళ్లకు దాన్ని నేర్పింది నేనే.

ఒక రోజు సుచరిత వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన అమ్మాయి, ముప్పై దాటి ఉంటాయి. ఒక స్కాటిష్ కవి పేరు కాగితం మీద రాసుకొచ్చింది.

"అంకుల్, ఈయన లైఫ్, వర్క్ గురించి ఏం చదవాలో రికమెండ్ చేస్తారా? నాకేం తెలీదు. జీరో."

"జీరో అయితే మంచిదేనమ్మా, చెరిపే పని ఉండదు."

నవ్వింది.

ఆమె భర్తది స్కాట్లండ్ నుంచి వచ్చిన కుటుంబం. క్యాన్సర్ ముదిరి మంచంలో ఉన్నాడు. చిన్నప్పుడు నాయనమ్మ చదివిన ఆ కవి కవితలు మళ్లీ వినాలని అతని కోరిక. అర్థం తెలుసుకుని సరిగ్గా చదవాలని ఈమె తాపత్రయం. ఇదంతా తర్వాత తెలిసింది. ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఇంటర్వ్యూ ఫారంలో 'ఎప్పటికి కావాలి' అన్న గడి ఖాళీగా వదిలేశాను.

రెండు రోజులు కూర్చుని ఏడు పుస్తకాల జాబితా రాశాను. జీవిత చరిత్ర, ఆ కాలపు చరిత్ర, ఉత్తరాలు, మిత్రుల జ్ఞాపకాలు, రెండు విమర్శ గ్రంథాలు. చివర కవితలు.

"వరుస తప్పకమ్మా," అన్నాను.

మూడు వారాలకు మళ్లీ వచ్చింది. కళ్ల కింద నలుపు.

"అంకుల్, ఇవన్నీ స్కిప్ చేసి డైరెక్ట్‌గా పోయెమ్స్ చదివితే ఓకేనా?"

"కవి బతుకు తెలియకుండా కవిత్వం ఏం అర్థమవుతుంది? ఇంత తొందరేమిటమ్మా?"

అది ప్రశ్న కాదు, మందలింపు. జవాబు కోసం నేను ఆగలేదు.

"ఓకే అంకుల్," అంది.

ఏప్రిల్ చివర మూడు పుస్తకాలు నా బల్ల మీద పెట్టింది.

"మిగతా హోల్డ్స్ క్యాన్సిల్ చేయండి అంకుల్. మా హస్బెండ్ మంగళవారం పోయారు." అప్పుడు చెప్పింది అంతా. "అప్పటికి లెటర్స్ చదివి వినిపిస్తున్నా. పోయెమ్స్ ఎప్పుడు అని అడిగేవారు. నెక్స్ట్, నెక్స్ట్ అనేదాన్ని."

ఆమె పేరు మీద ఉన్న రిజర్వేషన్లు ఒక్కొక్కటే రద్దు చేశాను.

"పర్లేదు అంకుల్. మీకు తెలీదు కదా."

తెలుసుకోవడమే నా ఉద్యోగం. కవితల పుస్తకం ఆ రెండు నెలలూ మా షెల్ఫ్‌లోనే ఉంది, నా కుర్చీకి ఇరవై అడుగుల దూరంలో.

ఆ మార్చి నాటి డైరీలో 'స్కాటిష్ కవి జాబితా పూర్తి. చక్కగా కుదిరింది' అని ఉంది. కొట్టేయలేదు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ఎవరు ఏ కవి గురించి అడిగినా ముందు లేచి వెళ్లి కవితలు తెచ్చి చేతిలో పెట్టాను. ఎవరి కోసమని, ఎప్పటికని అడిగాను. జాబితా ఆ తర్వాతే.