నీకేం కావాలని అడిగిన మనిషి

మా పక్కింటి నర్సమ్మగారు పోయారన్న కబురు సెమిలిగుడ బస్సు కండక్టరు తెచ్చాడు. కొరాపుట్ బస్టాండులో టీ తాగుతున్న నన్ను చూసి బస్సు దిగి వచ్చాడు. "మేష్టారూ, నర్సమ్మగారు తెల్లారగట్ల పోనారు. మద్దేనం సమాధి సేస్తారు. మీకు సెప్పమన్నారు" అని, మళ్ళీ బస్సెక్కి విజిలు వేశాడు. సగం గ్లాసు అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను. ఆవిడ ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం నుంచి రిటైరై, సెమిలిగుడలో మేనకోడలి దగ్గరికి వెళ్ళి చాలా కాలమైంది. అయినా మా చర్చిలోని తెలుగు సంఘం వాళ్ళందరికీ ఆవిడ ఇప్పటికీ మా పక్కింటి నర్సమ్మగారే.

ఆవిడ గురించి గొప్పలు రాస్తే ఆవిడే ఊరుకోరు. "ప్రార్థనాపరురాలు" అని ఎవరైనా అంటే మొహం చిట్లించేవారు. "అదేటి, నాకొక్కర్తికే దేవుడు బాకీ ఉన్నట్టు!" అనేవారు. కానీ ప్రార్థన చెయ్యడమంటే ఏమిటో నాకు నేర్పింది ఆవిడే. చర్చిలో పుట్టి చర్చిలో పెరిగినవాణ్ణి, బడిలో పిల్లలకి రోజూ ప్రార్థన చెప్పించేవాణ్ణి, నాకు ఆ పాటి తెలియదా అని మీకు అనిపించవచ్చు. తెలియదు మరి!

ఆవిడ ప్రార్థన పొట్టిగా ఉండేది. మా సంఘంలో కొందరు పెద్దలు సృష్టి దగ్గర మొదలుపెట్టి, ఇంటింటి సంగతులూ దేవుడికి విప్పి చెప్పి, మోకాళ్ళు తిమ్మిరెక్కాక గాని ఆమేన్ దగ్గరికి వచ్చేవారు కారు. ఆవిడ మాత్రం కొట్పాడ్ నేత దుప్పటి ఒకటి నేల మీద పరుచుకుని, కాసేపు ఊరికే కూర్చుని, అడగవలసింది అడిగి లేచిపోయేవారు. సూది గుచ్చే ముందు ప్రార్థన చేస్తారా అని నేనొకసారి అడిగాను. "సేస్తాను. కళ్ళు మూసుకుని మాత్రం సెయ్యను. కళ్ళు మూసుకుంటే నరమెలాగ కనిపిస్తాది మేష్టారూ?" అన్నారు.

ఒకసారి మా అమ్మకి మందు కోసం ఆసుపత్రికి వెళ్ళాను. కొండ మీది పల్లె నుంచి వచ్చిన ఒక ముసలామె మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. మందు మింగదు, గంజి తాగదు. నర్సమ్మగారు పక్కన కూర్చుని, నీ కోసం ప్రార్థన చేస్తాను, ఏం అడగమంటావని ఆ కొండవాళ్ళ దేశియా భాషలో అడిగారు. జ్వరం తగ్గాలంటుందని నేను అనుకున్నాను. ఆమె దిగులంతా ఇంటి దగ్గర కట్టేసి వచ్చిన మేకల గురించట. వాటికి నీళ్ళెవరు పెడతారు? ఆవిడ అక్కడే కళ్ళు మూసుకుని ఆ మేకల కోసం ప్రార్థన చేసి, సంత నుంచి ఆ పల్లెకు వెళ్ళేవాళ్ళను వెతికి, మేకలను చూడమని కబురంపారు. కబురు వెళ్ళిందని చెప్పాక ఆ ముసలామె గంజి తాగింది.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి. పెళ్ళయిన కొత్తలో, టెక్కలిలో మేం అప్ప అని పిలిచే మా అక్క దగ్గరుండే అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నాను. అప్పటి నుంచి మా కుటుంబ ప్రార్థన కళ్ళు మూసుకుని చేసుకునే పోట్లాటగా మారింది. మా అమ్మ, "ప్రభువా, పెద్దోళ్ళంటే లెక్కలేనోళ్ళకి బుద్ధినియ్యి" అని ప్రార్థించేది. వెంటనే నా భార్య, "ప్రభువా, ఎంత సేసినా తప్పులెన్నేవోళ్ళ మనసుకి శాంతినియ్యి" అని అందుకునేది. రెండింటికీ నేను ఆమేన్ అనాలి. ఒకదానికి గట్టిగా, ఇంకొకదానికి మెల్లగా అన్నానో, మళ్ళీ అదొక తగవు! పాపం, దేవుడి అవస్థ కూడా నాలాగే ఉండి ఉంటుంది.

నా భార్య నిండు నెలలతో ఉన్నప్పుడు అమ్మ మూట కట్టేసింది. "రేపు పొద్దుటి బస్సెక్కించీ బావూ. మీ అప్పింటికెల్లిపోతాను" అంది. నా భార్యకు కన్నతల్లి లేదు. ఆ కొండల్లో మాకు వేరే చుట్టాలూ లేరు. ఉండమని అమ్మను బతిమాలితే భార్యకు కోపం, భార్యను సర్దుకోమంటే ఏడుపు. ఇద్దరూ నా వాళ్ళే, ఇద్దరూ ఒక ఇంట్లో ఉండాలన్నదే నా కోరిక. అది ఆ రోజుతో పోతుందనుకున్నాను.

ఆ సాయంత్రమే మా ఇంట్లో సంఘం ప్రార్థన కూడిక. వంతుల ప్రకారం మా వాళ్ళిద్దరూ తమ తమ ప్రార్థనలు చేశారు. ఎప్పటిలాగే ఎవరిది ఎవరికి తగలాలో వారికి తగిలింది. కూడిక అయ్యాక అందరూ గొడుగులు తీసుకుని వెళ్ళిపోయారు. నర్సమ్మగారు మాత్రం లేవలేదు.

"ఇద్దరి ప్రార్థనా ఇన్నాను. దేవుడికి ఒక్క ముక్కా సెప్పలేదు మీరు" అన్నారు. అమ్మ ఏదో అనబోయింది. "కాదప్పా, మీ కోడలు కోసం ప్రార్థన సెయ్యండి. సేసే ముందు దానికేటి కావాలో దాన్నే అడగండి."

"నాకు తెలీదేటి? నానెల్లిపోవాల. అదే దానికి కావాల."

"అడిగేరా?"

అమ్మ నా భార్య వైపు చూడకుండానే, "ఏటే, నీకేటి కావాల?" అంది.

నా భార్య బావురుమంది. "మీరెల్లిపోకూడదత్తా. నాకు అమ్మ లేదు. నొప్పులొస్తే నా సెయ్యి ఎవరు పట్టుకుంటారు?"

అమ్మ ఆ మూట వైపు చూసింది. నర్సమ్మగారు నా భార్యతో, "ఇప్పుడు నువ్వడగమ్మీ" అన్నారు. తను ముక్కు చీదుకుని అడిగింది.

"నాకు పని కావాలే" అంది అమ్మ. "సుట్టాన్ని కూకోబెట్టినట్టు కూకోబెట్టి అన్నం పెడతన్నావు. పొయ్యి కాడికి రానివ్వవు. పనిలేని సోట ఎవరైనా ఎన్నాళ్ళుంటారు?"

"మీకు మోకాళ్ళ నొప్పులని గదా అత్తా!"

"నొప్పి మోకాళ్ళకి, సేతులకి కాదు."

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఇన్నాళ్ళూ ఒకరి గురించి ఒకరు దేవుడికి అన్ని మాటలు చెప్పుకున్నారు గాని, ఈ ఒక్క ముక్కా ఒకరినొకరు అడగలేదు. ఆ మాటకొస్తే నేనూ అడగలేదు.

అప్పుడు చేశారు ప్రార్థన. "ప్రభువా, దీనికి నొప్పులొచ్చినప్పుడు నా సేతికి బలమియ్యి" అంది అమ్మ. "ప్రభువా, రేపు పులుసు అత్తే పెట్టాల. ఉప్పెక్కువైనా నా నోటికి తాళమెయ్యి" అంది నా భార్య. నర్సమ్మగారు ఫక్కున నవ్వి, "మేష్టారూ, ఇప్పుడనండి ఆమేన్" అన్నారు. నా ఆమేన్ వీధి చివరి దాకా వినపడి ఉంటుంది.

తగవులు ఆ రోజుతో ఆగిపోయాయని చెబితే అబద్ధమే. పులుసు మీదే మళ్ళీ మొదలయ్యాయి. కానీ ప్రార్థనలో పెట్టుకోవడం మానేసి, వంటింట్లో నేరుగా పెట్టుకునేవారు. అది చాలా సుఖం. ఆసుపత్రిలో మా అమ్మాయి పుట్టినప్పుడు నా భార్య చెయ్యి పట్టుకున్నది అమ్మే. అలా పట్టుకున్న తన చెయ్యి వారం దాకా వాచి ఉందని మా అమ్మ ఇప్పటికీ ఊరంతా చెప్పుకుంటుంది.

కండక్టరు కబురు తెచ్చిన రోజున అమ్మా, నా భార్యా, నేనూ ముగ్గురం కలిసి సెమిలిగుడ వెళ్ళాం. పాస్టరుగారు చక్కగా ప్రార్థన చేశారు. మట్టి వేశాక అందరూ ఆ మేనకోడలి దగ్గరికి వచ్చి ధైర్యంగా ఉండమని చెప్పి వెళ్తున్నారు. ఆ పిల్ల కూడా నర్సే. పొద్దుటి నుంచీ కంటతడి పెట్టకుండా అందరికీ తల ఊపుతోంది. మా అమ్మ మెల్లగా వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అమ్మీ, నీకేటి కావాల?"

ఆ పిల్ల అప్పుడేడ్చింది. "ఆ ఇంట్లోకి ఒక్కర్తినీ ఎల్లలేను మామ్మా" అంది.

మా అమ్మా నా భార్యా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నన్నెవరూ ఏమీ అడగలేదు, నేనొక్కణ్ణే బస్సెక్కాను. ఆ ఇల్లు రోడ్డు పక్కనే. లారీలు అడ్డం తొలగి బస్సు కదులుతుంటే కిటికీలోంచి చూశాను. గుమ్మం మీద ఆ పిల్లను ముందు కూర్చోబెట్టుకుని మా అమ్మ తల దువ్వుతోంది. నా భార్య లోపల పొయ్యి వెలిగించినట్టుంది, పెంకుల సందుల్లోంచి పొగ లేస్తోంది.