గోడ సంగతి దాచాను

మా ఆయన మూడో మెట్టు మీద ఆగిపోయిన రోజు నాకు ఇంకా కళ్లకు కట్టినట్టు ఉంది. యజమాని పిల్లల్ని స్కూల్లో దింపి వచ్చి, కారులోంచి ఇరవై లీటర్ల మంచినీళ్ల బాటిల్ భుజాన వేసుకుని వంటింటి వైపు వస్తున్నారు. రెండేసి బాటిళ్లు ఒక్క ఊపులో మోసే మనిషి. ఆ రోజు మెట్టు మీద బాటిల్ దించేసి గోడ పట్టుకుని నిలబడ్డారు. నేను గిన్నెలు తోముతూ కిటికీలోంచి చూసి, అప్పుడే ముసలాళ్లైపోయారా అని నవ్వాను. ఆయన కూడా నవ్వబోయి దగ్గారు. ఆ దగ్గు తెమలడానికి చాలాసేపు పట్టింది.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. దోహాలో, అల్ తుమామాలో ఒక ఖతరీ కుటుంబం ఇంట్లో ఆయన డ్రైవరు, నేను వంటమనిషిని. మొగుడూ పెళ్లాలకి ఒకే ఇంట్లో పని దొరకడం, పైగా ఇద్దరికీ కలిపి ఒక గది ఇవ్వడం ఎంత అదృష్టమో గల్ఫ్‌లో పని చేసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పెళ్లయ్యాక ఎన్నో ఏళ్లు ఆయన ఇక్కడ, నేను ఊళ్లో. ఏడాది పొడవునా ఒక కప్పు కింద ఉండటం మాకు ఆ గదిలోనే మొదలు. గేటు పక్కన ప్రహరీకి ఆనించి కట్టిన చిన్న గది. అందులో ఒక కిటికీ, ఒక ఏసీ, మంచం, అల్మరా.

ఇక్కడి ఎండ గురించి అందరూ చెబుతారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో సముద్రం మీంచి వచ్చే రుతూబా గురించి ఎవరూ చెప్పరు. గాల్లో తేమని అరబ్బీలో అలా అంటారు. ఆ రోజుల్లో ఏసీలోంచి బయటికి వస్తే కళ్లజోడు మసకబారిపోతుంది. బయట ఆరేసిన బట్ట సాయంత్రానికి కూడా పిండినట్టే ఉంటుంది. పైగా పనివాళ్ల బట్టలు వచ్చేపోయేవాళ్లకి కనబడకూడదని ఆ ఇంట్లో పద్ధతి. అందుకని ఆయన చొక్కాలు, నా నైటీలు, తువ్వాళ్లు అన్నీ గదిలోనే తాడు కట్టి ఏసీ గాలికి ఆరేసేదాన్ని. దుమ్ము రాకుండా కిటికీ సందుల్లో టేపు కూడా వేసేశాం. తెల్లారేసరికి బట్టలు పెళపెళలాడేవి. ఆ నీళ్లన్నీ ఎక్కడికి పోతున్నాయో నా బుర్రకి తట్టలేదు.

మంచం వెనక గోడ ముందు చెమ్మగిల్లింది. ఏసీ నీళ్ల గొట్టం గోడలో ఎక్కడో కారుతోందని ఆయన అన్నారు. తర్వాత పెయింటు పొంగి పెచ్చులూడింది. ఆ తర్వాత నల్లగా బూజు పట్టింది. బ్లీచ్ నీళ్లతో తుడిచాను, పది రోజుల్లో మళ్లీ వచ్చింది. పెద్ద హాలుకి వేయగా మిగిలిన పెయింటు పూశాను, దాని మీదా వచ్చింది. చివరికి గులాబీ పూల స్టిక్కర్ కాగితం కొని గోడంతా అంటించేశాను.

"గోడకి పట్టుచీర కట్టావేమే మంగా" అని ఆయన ఏడిపించారు.

వాసన తెలియకుండా రోజూ సాంబ్రాణి వేసేదాన్ని. ఊపిరాడనివాడికి పొగ వేసిన ఘనురాలిని నేను.

ఇంటావిడకి చెబితే పోయేది కదా అని మీరు అనుకుంటారు. ఆవిడని మేం మామా అంటాం. మంచి మనిషే. కానీ పక్క విల్లాలో శ్రీలంక నుంచి వచ్చిన దంపతులు ఉండేవాళ్లు. గది కారుతోందని వాళ్లు ఫిర్యాదు చేస్తే, యజమాని ఆ గది పడగొట్టించి, ఆమెని ఇంట్లోకి, అతన్ని ఎక్కడో దూరంగా మగ పనివాళ్లుండే క్యాంప్‌కి పంపేశాడు. తర్వాత వాళ్లిద్దరూ శుక్రవారం శుక్రవారం గేటు దగ్గర నిలబడి మాట్లాడుకునేవాళ్లు. అది చూశాక మా గోడ సంగతి ఎవరికీ చెప్పకూడదని నిశ్చయించుకున్నాను. గోడ ఎలా పోయినా ఫరవాలేదు, గది మాత్రం పోకూడదు.

దగ్గు తగ్గలేదు. పొద్దున లేచేసరికి సన్నగా జ్వరం, ఒళ్లునొప్పులు. క్లినిక్‌లో చెస్ట్ ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్స్ ఇచ్చారు. రెండు కోర్సులు వాడినా తగ్గకపోతే ఎక్స్‌రే తీసి పెద్దాసుపత్రిలో పల్మనాలజీకి రాశారు. అక్కడ ఒక సూడాన్ డాక్టరు గారు, తల నెరిసిన పెద్దాయన. స్పైరోమెట్రీ అని గొట్టంలోకి ఊదించారు. ఆయన ఇంగ్లీషు నిదానంగా మాట్లాడతారు కాబట్టి నాకు అర్థమైంది. ఎక్కడ పడుకుంటారు, పావురాలు పెంచుతారా అని అడిగి, చివరికి అసలు ప్రశ్న వేశారు.

"ఇంట్లో డ్యాంప్ ఉందా? గోడల మీద మోల్డ్?"

ఆసుపత్రి నుంచి మామాకి ఫోన్ వెళుతుందేమోనని భయపడ్డాను. "నో డాక్టర్, క్లీన్ రూమ్" అన్నాను. మా ఆయన ఒకసారి నా వైపు చూసి తల దించుకున్నారు. డాక్టరు గారు నా మాట నమ్మి, ఆస్తమా కావచ్చని ఇన్‌హేలర్ రాసిచ్చారు.

చలికాలంలో ఇంటాయన ఎడారిలో గుడారాలు వేసుకుని, మా ఆయన్ని డ్రైవరుగా తీసుకెళ్లారు. రెండు వారాలున్నారు. మూడో రోజు ఫోన్ చేసి దగ్గు తగ్గిందన్నారు. వారానికి అసలు లేదన్నారు. బుగ్గలు పూడి, పాట పాడుకుంటూ తిరిగొచ్చిన మనిషి, మా గదిలో నాలుగు రోజులు పడుకునేసరికి మళ్లీ మంచం పట్టుకుని దగ్గడం మొదలుపెట్టారు. నాకు అప్పుడే తెలిసింది. తెలిసీ ఊరుకున్నాను. కాగితం లేచిన చోట ఇంకో ముక్క అంటించి, బట్టలు గదిలో తక్కువ ఆరేసి, ఏదో చేస్తున్నానని నన్ను నేనే నమ్మించుకున్నాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు ఇన్నాళ్లు పట్టింది.

మళ్లీ ఆగస్టు వచ్చింది. ఒక మధ్యాహ్నం పిల్లల స్కూలు బ్యాగులు దించుతూ ఆయన కారు పక్కనే కూలబడ్డారు. పెదాలు నీలంగా ఉన్నాయి. మామాయే అంబులెన్స్‌కి ఫోన్ చేసింది. ఎమర్జెన్సీలో శాచురేషన్ బాగా పడిపోయిందని ఆక్సిజన్ పెట్టి, హెచ్‌ఆర్‌సీటీ తీశారు. స్కాన్ చూసిన ఆ సూడాన్ డాక్టరు గారు మళ్లీ అదే ప్రశ్న అడిగారు. నేను మళ్లీ తల అడ్డంగా ఊపబోయాను. పక్కనున్న మలయాళీ నర్సు నన్ను వరండాలోకి తీసుకెళ్లింది. నాకన్నా చిన్నదే.

"చేచీ, సచ్ బోలో" అంది. అక్కా, నిజం చెప్పు అని.

నాకు ఏడుపు ఆగలేదు. ఫోన్‌లో గదిలో దిగిన ఫొటో ఉంటే తీసి చూపించాను. మా ఆయన మంచం మీద కూర్చుని నవ్వుతున్నారు, వెనక గోడ నిండా గులాబీలు. అంచుల్లో నలుపు కనబడుతూనే ఉంది.

డాక్టరు గారు ఆ ఫొటో పెద్దది చేసి ఆ నలుపు చూశారు. తర్వాత మెల్లగా చెప్పారు. దీన్ని హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ అంటారు. ఆ బూజు పొడి రోజూ పీల్చి పీల్చి ఊపిరితిత్తులు వాచాయి. చాలాచోట్ల ఫైబ్రోసిస్ వచ్చేసింది. మచ్చ కట్టినది మళ్లీ మామూలు కాదు. స్టెరాయిడ్స్‌తో మిగిలింది కాపాడదాం. "పోయినసారే తెలిసి ఉంటే..." అని ఆపేశారు. తిట్టినా బాగుండేది.

సంగతి తెలిసి మామా మా గదిలోకి వచ్చి గోడ కాగితం అంచు పట్టుకుని లాగింది. పెయింటు, పెచ్చులు, నల్ల పొడి అన్నీ కలిసి ఊడి మంచం మీద పడ్డాయి. "లేష్?" అంది, ఎందుకని. ఎన్నిసార్లు అడిగిందో. చెప్పి ఉంటే మేడ మీద గది మీ ఇద్దరికీ ఇచ్చేదాన్ని కదా అని తనూ ఏడ్చింది. ఇచ్చేదో లేదో నాకు తెలియదు. నేను అడిగితే కదా తెలియడానికి.

స్టెరాయిడ్స్‌తో ఆయన ముఖం వాచింది, షుగర్ వచ్చింది. కాస్త తేరుకున్నారనుకునేసరికి ఇన్‌ఫెక్షన్ సోకి మళ్లీ అడ్మిట్ చేశారు. డ్యూటీ చేయలేరని డాక్టర్లు రాసిచ్చాక ఇంటికి పంపక తప్పలేదు. గాల్లో తేమ లేని ఊళ్లో ఉంచమన్నారు. మా కోనసీమలో ఎటు చూసినా కాలవలు, వానలే కదా. అందుకని సొంత ఊరికి కాకుండా అనంతపురంలో మా ఆడపడుచు ఇంటికి పంపాను. ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్‌లో కూర్చుని, ఆక్సిజన్ గొట్టం సర్దుకుంటూ, వేళకి తినమని నాకే జాగ్రత్తలు చెప్పారు.

ఇప్పుడు ఆయన అక్కడ, నేను ఇక్కడ. మందులు, ఆక్సిజన్ మెషీన్ నడవాలంటే ఇద్దరిలో ఒకరు పని చేయాలి. మామా నాకు ఇంట్లోనే గది ఇచ్చింది. గోడకీ అల్మరాకీ జానెడు ఎడం ఉంచాను. బట్టలు మేడ మీద మెషీన్‌లో ఆరతాయి. రెండు వారాలకోసారి ఏసీ ఫిల్టర్ కడుగుతాను. గోడ మీద చెయ్యి పెడితే ఎండు రొట్టెలా గరగరలాడుతుంది. అంత పొడి గదిలో నాకు నిద్ర పట్టదు.

పోయిన నెల వీడియో కాల్‌లో ధైర్యం చేసి అడిగాను. ఆ రోజు డాక్టరు గారి ముందు నేను అబద్ధం చెబుతుంటే మీరెందుకు ఊరుకున్నారండీ అని. ఆయన ఊపిరి తీసుకునేదాకా ఆగాను. ఇప్పుడు నాలుగు మాటలకి ఒకసారి ఆగాలి ఆయన.

"నిజం చెబితే... రోజూ నిన్ను చూడ్డం పోద్ది కదే" అన్నారు. "నేనూ... నీలాగే భయపడ్డాను."

ఇది చదివేవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. రుతూబా రోజుల్లో దగ్గు పట్టుకుని వదలకపోతే, మీ గది గోడని ఫొటో తీసి డాక్టరుకి చూపించండి. ఆయన అడిగేదాకా ఆగకండి. అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. విడిపోతామని భయపడి నేను దాచాను. గేటు దగ్గర శుక్రవారం కలుసుకునే ఆ శ్రీలంక దంపతుల్ని చూసి అప్పుడు జాలిపడ్డాను. ఇప్పుడు వాళ్లని చూస్తే నాకు అసూయ.