పేరు మారని అక్టోబరు

ఒక అక్టోబరులో పొదిలిలో పర్చూరు వైపు వెళ్లే బస్సు ఎక్కాను. మాది విజయనగరం. ఆ నేల నాకు కొత్త. ఒక చేలో తొలి పత్తి తీస్తున్నారు, పక్క చేలో మిరప నారు నాటుతున్నారు. నా పక్కన కూర్చున్న రైతమ్మ ఒళ్లో కూడా తడిగుడ్డ చుట్టిన మిరప నారు ఉంది.

లైబ్రరీలో చదివిన సంగతి ఎవరికైనా చెప్పందే నాకు తోచదు. "అక్టోబరంటే ఎనిమిదో నెల అని అర్థమమ్మా. పూర్వం రోమువాళ్లకి మార్చితో ఏడాది మొదలయ్యేది. తర్వాత దానికి ముందు రెండు నెలలు వచ్చి చేరాయి. ఇది పదోదైపోయింది. పేరు మాత్రం మార్చలేదు," అన్నాను.

ఆమె చిన్నగా నవ్వింది. "నాకు ముగ్గురు కొడుకులు బాబూ. మా నడిపోడిదీ అదే కథ," అని ముందు సీట్లో నిద్రపోతున్న అతన్ని చూపించింది. "మీ నెలకి ముందు రెండొచ్చాయి. వీడికి ముందున్నోడు పోయాడు. నిరుడు ఈ నెల్లోనే, పత్తికి మందు కొడుతూ చేలోనే పడిపోయాడు. ఇక వీణ్ణే పెద్దోడా అని పిలవమని పెద్దకర్మ రోజున మావాళ్లంతా చెప్పారు. పిలిచాను కూడా."

"పలికాడా అమ్మా?"

"లేదు. గుమ్మం వైపు చూశాడు, వాళ్లన్న వచ్చాడేమోనని. మళ్లీ ఆ పిలుపు పిలవలేదు."

ఇంతలో వాళ్ల ఊరొచ్చింది. "లేరా నడిపోడా," అని ఆమె కొడుకు భుజం తట్టింది. అతను లేచి నారు కట్ట అందుకుని, ముందు తను దిగి, తల్లిని చెయ్యి పట్టుకుని దింపాడు.