కిందికి చూడాల్సిన రంధ్రం

వెర్నా ఊళ్లో లేని రాత్రి ఆమె మొగుడు డెల్ ఇంటిబండిలో చలికి బిగుసుకుని చనిపోయాడు. ఆమె చవకరకం గ్యాస్ రెగ్యులేటర్ కొనబట్టే హీటర్ ఆరిపోయిందని ఇలాంటి ఇంటిబండ్లలోనే కాపురముండే మా క్యాంపంతా అంది. కాఫీ తాగుతూ తీర్పు చెప్పడం ఎవరికైనా తేలికే. ఆమె నోరు విప్పలేదు. ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఈ న్యూమెక్సికో ఎడారిలో ఎవరూ ఆమె గడప తొక్కలేదు.

మొన్న జనవరిలో నా బండికి కొత్త రెగ్యులేటర్ నేనే బిగించాను. సబ్బునీళ్లు పూసినా బుడగలు రాలేదని, గ్యాస్ లీకు లేదని మురిసిపోతుంటే, దారిన పోతున్న వెర్నా ఆగింది.

“ఏం పుస్తకాల పురుగూ, ఆ రెగ్యులేటర్ గాలి రంధ్రం ఆకాశంకేసి పెట్టావేం? వాన నీళ్లు దూరి గడ్డకడితే గ్యాస్ ఆగిపోద్ది. కిందికి తిప్పు. డెల్ కూడా ఇట్లాగే బిగించాడు.”

నా చేతిలో రెంచి ఆగిపోయింది. “బిగించింది ఆయనా? మరి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదేం?”

ఆ వసంతంలోనే ఆమె పోయింది. ఆ రోజు నాకిచ్చిన జవాబే ఆమె నాతో అన్న ఆఖరి మాట:

“ఇక్కడ సగం బండ్లు బాగుచేసిన చెయ్యి బాబూ అది. మంచి పనోడన్న పేరొక్కటే ఆయనకి మిగిలింది. అదీ నేనే లాగేసుకోనా?”