వయసు కట్టే లీలారాణిగారు

డాక్టర్ లీలారాణిగారు ఎవరు ఎదురుపడినా నమస్కారం కంటే ముందు వయసు చెబుతారు. తనది కాదు, ఎదుటివారిది. అదీ బళ్లో రాయించిన వయసు కాదు, మనిషిని ఎగాదిగా చూసి ఆవిడ కట్టినది.

ఆవిడ చదువే అలాంటిది. మన కణాల్లోని డీఎన్‌ఏ మీద వయసుతోపాటు కొన్ని రసాయన గుర్తులు పడతాయి. తిండి, నిద్ర, చాకిరీ, బెంగ ఆ గుర్తుల్ని మారుస్తాయి. రక్తం తీసి వాటిని చదివితే, పుట్టిన తేదీ ఏదైనా సరే, ఒళ్లు ఎంత అరిగిందో అంచనా కట్టొచ్చు. హైదరాబాద్ ప్రయోగశాలలో ఏళ్ల తరబడి ఎలుకల మీద ఈ పని చేసి, మనుషుల మీద చేయడానికి శ్రీకాకుళం వచ్చారు.

"ఎలకలు నొచ్చుకోవు కదండీ. మా అక్క అక్కడే పాడైపోయింది," అంటాడు తమ్ముడు ఎజ్రా.

ఆమదాలవలసలో ఓ ఆదివారం చర్చి గుమ్మంలోనే పాస్టరుగారిని ఆపారు. "మీకు యాభై. మీ మోకాళ్లకి డెబ్బై. ఎక్కువసేపు నిలబడకండి." ఆయన హడలిపోయి ప్రసంగం సగానికి కుదించారు. ఆ రోజు సంఘం దేవుడికి చెప్పుకున్న కృతజ్ఞతల్లో లీలారాణిగారికీ వాటా ఉంది.

మా పత్రికాఫీసుకు వచ్చినప్పుడు నన్ను చూసి "అరవై రెండు" అన్నారు. నాకప్పుడు నలభై ఎనిమిది. ఆవిడ లెక్క తప్పు అని తేల్చడానికే ఆసుపత్రికి వెళ్లాను. బీపీ చూసిన డాక్టరు నన్ను ఇంటికి పంపలేదు. ఆవిడ మీద కోపం ఆ ఆసుపత్రి మంచం మీదే పోయింది.

కళింగపట్నం వైపు ఓ మత్స్యకార పల్లెలో ఆవిడ పరిశోధన సాగుతోంది. అక్కడి దాలమ్మ చేపలు అమ్ముతుంది. రేవు నుంచి రోడ్డుదాకా ఇసుకలో గంప నెత్తిన మోసి, ఆటో ఎక్కి పట్నం వెళ్తుంది. ఇంక బరువెత్తితే నడుం పడిపోతుందని డాక్టరు తేల్చేశాడు. ఎత్తకపోతే బేరం పోతుంది. మొగుడు కూర్మయ్య గంప ముట్టడు. వేట మగవాళ్లది, గంప ఆడవాళ్లది.

"నాను గంపెత్తితే పల్లె నవ్వదేటి?" అనేవాడు.

పల్లెవాళ్ల రక్తపరీక్షల ఫలితాలు చెప్పే రోజు వార్త కోసం నేనూ వెళ్లాను. ఆవిడ ఒక్కొక్కరినే పక్కకు పిలిచి చెబుతున్నారు. దాలమ్మ ఒప్పుకోలేదు.

"నాది అందరి ముందరా సెప్పమ్మా. నా మొగుడూ ఇనాల."

"నాదీ సెప్పండి. నాకేటి బయం?" అన్నాడు కూర్మయ్య.

"దాలమ్మా, నీకు యాభై రెండు. నీ ఒంటికి అరవై ఎనిమిది."

దాలమ్మ మొగుడి వంక చూసింది.

"కూర్మయ్యా, నీకు యాభై ఎనిమిది. నీ ఒంటికి నలభై."

కూర్మయ్య మీసం దువ్వాడు. "సూసినారా! సముద్రం గాలంటే ఏటనుకున్నారు!"

అతని వదిన తులసి అందుకుంది. "ఒరే మరిదీ, అయితే మా దాలి నీకంటే ఇరవై ఎనిమిదేళ్లు పెద్దది. ముందు కాళ్లకి దండమెట్టు!"

అందరూ గొల్లుమన్నారు. తులసి వదల్లేదు. "ముసల్దాని నెత్తిన గంపెట్టి, నలభై ఏళ్ల కుర్రోడు సేతులూపుకుంటా ఎనకాల వస్తాడేటి?"

కూర్మయ్య అటూ ఇటూ చూశాడు. గంపయినా ఎత్తాలి, నలభై అయినా వదులుకోవాలి. నలభై వదలబుద్ధి కాలేదు.

"తేయే ఆ గంప!" అన్నాడు.

మర్నాటి నుంచి మోస్తూనే ఉన్నాడు. అతన్ని చూసి, మాకు ముప్పై అయిదే అంటూ మరో ఇద్దరు మొగుళ్లు గంపలెత్తారు. దాలమ్మ ఇప్పుడు పట్నంలో ఒక్కచోటే కూర్చుని అమ్ముతోంది. "నడుం నిలబడ్డాది బాబూ. ఆ తల్లి సల్లగుండాల," అంది నాతో.

నలభై ఏళ్ల కూర్మయ్య మీద ప్రత్యేక కథనం రాద్దామని శ్రీకాకుళంలో లీలారాణిగారి ప్రయోగశాలకు వెళ్లి, అతని రక్తం వివరాలు అడిగాను.

"ఏ రక్తం? సూది చూడగానే కళ్లు తిరిగి పడిపోయాడు. లేచి, అయిపోయిందా అన్నాడు. అయిపోయిందన్నాను."

"మరి దాలమ్మది?"

"అది నిజం లెక్కే. అందుకే కదా ఇదంతా."

ఇన్నేళ్లలో ఒక్కరి వయసూ తగ్గించి చెప్పని మనిషి. ఆవిడ నలభై అంటే ఎవరు అనుమానిస్తారు?

"ఇది రాసేదా?"

"రాసుకోండి. కూర్మయ్య నమ్మడు."

"ఇంతకీ నలభై ఎలా కట్టారు?"

"గంప ఎత్తడానికి ఎంత కావాలో అంతే కట్టాను."