వరస మేస్త్రి ఒంట్లు నేర్చుకున్న రోజు

ఎవరైనా కొత్తగా బండి కొన్నామని చెబితే ఆయన రంగు అడిగేవాడు కాదు. ఎన్ని సిలిండర్లని అడిగేవాడు. నాలుగంటే మర్యాదకి తలూపేవాడు. ఆరంటే మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కునేవాడు, ఇక ఆ మనిషి ఇంటికి చేరినట్టే.

బండ్లు బాగుచేసే ఆయన్ని అందరూ వరస మేస్త్రి అనేవాళ్లు. అసలు పేరు అడిగితే ఆయన చెల్లెలు కూడా ఒక క్షణం ఆలోచించేది.

వాళ్ల నాన్న రోజుల్లో ఆరు సిలిండర్లంటే డబ్బున్నవాళ్ల వ్యవహారం. మేస్త్రికి మీసాలొచ్చే వేళకి ఆ ఇంజను మేడమెట్లు దిగి మామూలు జనంలోకి వచ్చేసింది. బడి పంతులు బండిలోనూ అదే, మందుల కొట్టాయన బండిలోనూ అదే, టాక్సీల్లోనూ అదే. ఒకే వరసలో ఆరు, మొద్దు ఇనుము, నగా నట్రా ఏమీ లేదు. బానెట్ ఎత్తితే పక్కన మనిషి దిగి నిలబడేంత జాగా. తిరుగుతున్న ఇంజను మీద టీ గ్లాసు పెట్టి మాటల్లో పడిపోయేవాడు మేస్త్రి. గ్లాసు అక్కడే ఉండేది. కడుపులో చల్ల కదలకుండా తిరగడమంటే ఏమిటో ఆ ఇంజన్ని చూసి తెలుసుకోవాలనేవాడు.

ఆ ఆరింటికీ నిప్పు అందే వరస ఒకటి ఉంది. ఒకటి, ఐదు, మూడు, ఆరు, రెండు, నాలుగు. పక్కపక్కనున్నవాటికి వెంటవెంటనే అందకూడదు. ఇరుగూ పొరుగూ ఒక్కసారే అరిస్తే వీధి నిలుస్తుందా అని ఆయన వాదన. గడ్డం గీసుకుంటూ అదే పాడుకునేవాడు, మనవరాలిని జోకొడుతూ అదే పాడేవాడు. ఆ పిల్ల ఒకటి తర్వాత ఐదు అని లెక్కపెట్టడం నేర్చుకుంటే కోడలు తల పట్టుకుంది.

తర్వాత పెట్రోలు ధర మండిపోయింది, బండ్లు చిక్కిపోయాయి. ముందు చక్రాల్ని తిప్పడానికి ఇంజన్ని అడ్డంగా పెట్టడం మొదలైంది. పొడుగాటి ఆరు అందులో పట్టలేదు. కంపెనీలవాళ్లు దాన్ని, ఉమ్మడి సంసారాన్ని రెండు వాటాలు చేసినట్టు, మూడూ మూడుగా విడదీసి ఎదురెదురుగా వాల్చి కూర్చోబెట్టారు. అలాంటి బండి ఒకటి, పాతదే అయినా నిఖార్సయినది, మేస్త్రి చెల్లెలు కొనుక్కొచ్చింది.

ఆవిడ టాక్సీ నడుపుతుంది. కొండమీద ఆసుపత్రికి వెళ్లే దారి ఆవిడది. ఇదివరకటి బండి తుప్పు పట్టి కూలబడింది. కొత్తగా తెచ్చిన బండి ఏదైనా సరే, నిండా మనుషులతో ఎక్కడా ఆగకుండా కొండెక్కి చూపించాలి. స్టాండు పెద్దాయన పక్కన కూర్చుని చూస్తాడు. ఆగిందో, స్టాండులో ఆవిడ చోటు ఇంకొకరికి పోతుంది. అది స్టాండువాళ్లు ఏనాడో పెట్టుకున్న కట్టుబాటు. ఆ మధ్యాహ్నమే పరీక్ష.

పొద్దున్న బండి శుభ్రంగా నడుస్తూనే ఉంది. చెల్లెలు ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పింది. అయినా మేస్త్రి చెయ్యి ఊరుకుంటుందా? కొత్త ప్లగ్గులు వేస్తే గుర్రంలా ఎక్కుతుందని ఆవిడ చూడకుండా నిప్పు అందించే ఆరు తీగలూ ఒక్కసారే పీకేశాడు. గుర్తులు పెట్టుకోలేదు. ఆయనకి గుర్తులేమిటి, నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. వెనక మూడింటి దగ్గరికి చెయ్యి దూరక వేళ్లు గీరుకుపోయినా పాట పాడుకుంటూ ఒకటి, ఐదు, మూడు అని తగిలించాడు.

తాళం తిప్పితే బండి ఒళ్లంతా విదిల్చింది, ఢామ్మని పేలింది, ఆగిపోయింది. మళ్లీ తిప్పితే మళ్లీ అంతే. షెడ్డు రేకుల మీది పావురాలు లేచిపోయాయి.

తలప్రాణం తోకకొచ్చింది మేస్త్రికి. ప్లగ్గులు మార్చి చూశాడు, నిప్పు పంచే డబ్బా మూత విప్పి తుడిచాడు, కొన్న దుకాణాన్ని తిట్టాడు. తీగల వైపు మాత్రం చూడలేదు. సొంత పేరుని ఎవరు అనుమానిస్తారు? చప్పుడు విని వచ్చిన చెల్లెలు గుమ్మంలో నిలబడిపోయింది.

ఆవిడ వచ్చి ఇంజను మీదికి వంగింది. ఇనుము మీద పోతపోసిన అంకెల్ని వేలితో తడిమింది.

"ఇవి ఇంటి నంబర్లలా ఉన్నాయే అన్నయ్యా. ఒకటి, మూడు, ఐదు ఈ పక్క. రెండు, నాలుగు, ఆరు ఆ పక్క."

"అయితే?"

"అయితే ఒకటికి రెండు పొరుగిల్లెలా అవుతుంది? ఎదురిల్లు కదా."

మేస్త్రికి కళ్లముందు వీధి కనబడింది. ఈ గట్టున ఒకసారి, ఆ గట్టున ఒకసారి. ఈ పక్క, ఆ పక్క. పొరుగు పొరుగుని ముట్టుకోనక్కర్లేదు. తిన్నగా లెక్కపెట్టుకుంటూ పోతే చాలు, దానంతటదే వీధి దాటుతూ పోతుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు! పసిపిల్లల ఒంట్లు!

ఆయన పగలబడి నవ్వాడు. కోపం రావలసినచోట నవ్వు రావడం చూసి చెల్లెలు హడలిపోయింది. ఎంత తెలివైనవాడు చేశాడే ఇది, ఎంత తెలివైనవాడు అంటూ తీగలన్నీ మళ్లీ పీకాడు. ఆవిడ పైకి అంకెలు చదివింది, ఆయన ఒక్కొక్కటే తగిలించాడు.

తాళం తిప్పగానే బండి పట్టుకుంది. పట్టుకుందంటే, పాత వరస ఇంజనులా గుర్రు పెట్టలేదు. పట్టుబట్ట చింపినట్టు సన్నగా, చిక్కగా మోగింది. మేస్త్రికి ఒళ్లు గగుర్పొడిచింది.

స్టాండు పెద్దాయన ముందు కూర్చున్నాడు. వెనక మధ్యలో మేస్త్రి, అటూ ఇటూ ఇద్దరు బరువైన డ్రైవర్లు. తూకం కోసమే వాళ్లని ఎంచి తెచ్చారు. మొదటి మలుపులో పెద్దాయన ఇంజను నీళ్ల వేడి చూపే ముల్లు చూశాడు. మూడో మలుపులో చూడటం మానేశాడు. దారి పక్కన ఒక బుల్లి బండి బానెట్ ఎత్తుకుని పొగలు కక్కుతుంటే, ఒక డ్రైవరు దాన్ని చూసి పాపం నాలుగే కదా అన్నాడు. ఆసుపత్రి ముందు నిటారు ఎత్తు వచ్చింది. చెల్లెలు గేరు తగ్గించి పెడలు అదిమింది. సీటు వీపుని ముందుకు నెట్టింది, కిటికీలో చెట్లు గబగబా వెనక్కి పోయాయి. మేస్త్రి తనకి తెలియకుండానే పక్క డ్రైవరు తొడ పట్టుకుని నొక్కేశాడు.

పైన గేటు దగ్గర ఆగాక ఆవిడ తాళం తీయబోయింది.

"ఉంచమ్మా," అన్నాడు పెద్దాయన. "ఇంకాసేపు విననీ."

విన్నాడు. తర్వాత చోటు నీదేనని తేల్చేశాడు. ఆ మాట పూర్తి కాకుండానే ఆసుపత్రిలోంచి ఒక సంసారం మూటలతో వచ్చి, టాక్సీ వస్తుందా అని అడిగింది. చెల్లెలు వెనక తలుపు తెరిచింది. డ్రైవర్లిద్దరూ దిగారు, మేస్త్రి కదల్లేదు.

"దిగన్నయ్యా. బేరం వచ్చింది."

"మరి నేను?"

"నడిచి రా. దిగుడే కదా."

మేస్త్రి దిగాడు. మలుపు మలుపుకీ ఆగుతూ, కింద చెట్ల మధ్య దూరమవుతున్న ఆ చప్పుడు వింటూ, దారి పొడుగునా ఎదురైనవాళ్లందరికీ అది మా చెల్లెలి బండి అని చెప్పుకుంటూ కొండ దిగాడు.